ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ప్యాన్ లీక్: గ్యాస్కెట్ మళ్లీ మార్చే ముందు ప్యాన్ అంచు చూడు

తమ్ముడూ, నువ్వు అడిగింది మొత్తం చదివినా. 2005 మోడల్ కరోలా ఆటోమేటిక్, ఉండేది కడపలో, వారానికోసారి గువ్వలచెరువు ఘాట్ మీద రాయచోటి పోయొస్తావు, పొద్దున్నే చూస్తే బండి ముందు భాగం కింద నూనె మరక. పోయినేడాదే ఒక షెడ్డులో గేర్‌బాక్స్ ప్యాన్ (బాక్సు అడుగున ఆయిల్ నిలిచే రేకు తట్ట) గ్యాస్కెట్, అంటే ఆ తట్టకూ పైన బాక్సుకూ మధ్య లీకు రాకుండా పెట్టే పట్టీ, మార్పించినావు, మళ్లీ కారుతాంది. ఒక మెకానిక్ బోల్టులు ఇంకొంచెం బిగిస్తే ఆగిపోతాది అంటాడు, ఇంకొకాయన సిలికాన్ పూసి మూసేద్దాం అంటాడు, ఎవరి మాట వినాల అని నీ ప్రశ్న. ఇద్దరిదీ వినొద్దు. కొత్త గ్యాస్కెట్ ఏడాదికే కారిందంటే చాలావరకు తప్పు గ్యాస్కెట్‌ది కాదు, ప్యాన్ అంచు వంకర పోయుంటాది, లేదంటే అసలు లీకే వేరేచోట ఉండి ప్యాన్ మీదికి జారతా ఉంటాది. ఈ రెండూ చూసుకోకుండా ఎన్ని గ్యాస్కెట్లు మార్చినా అంతే.

ముందు అది గేర్ ఆయిలే అని తేల్చుకో. మీ కడప పక్క పార్కింగ్ అంటే నాపరాయి బండలే కదా, ఆ నల్ల రాయి మీద ఏ నూనె పడినా ఒకే రంగులో కనిపిస్తాది. రాత్రి బండి కింద తెల్ల అట్టముక్క గానీ పాత పేపర్లు గానీ పరిచి, ఇంజన్ యాడుండాది, చక్రం యాడుండాది అని పెన్నుతో గుర్తు పెట్టు. తెల్లారి చుక్క యాడ పడింది, ఏ రంగుండాది చూడు. ఆటోమేటిక్ ఆయిల్ ఎర్రగా పల్చగా ఉంటాది, పాతదైతే గోధుమ రంగుకు తిరుగుతాది. టొయోటా కూలెంట్ కూడా ఎర్రదే, చాలామంది ఈడే మోసపోతారు, కానీ అది వేలికి జిడ్డు తగలదు, నీళ్ల మాదిరి ఉంటాది, తియ్యటి వాసన వస్తాది. హైడ్రాలిక్ స్టీరింగ్ ఉన్న బండ్లలో చాలావాటికి ఆడ కూడా ఇదే ఎర్ర ఆయిల్ పోస్తారు, కాబట్టి స్టీరింగ్ ర్యాక్ పైపులు కూడా ఒకసారి తడిమి చూసుకో. ఉత్త నీళ్లైతే అది ఏసీ నీళ్లు, దానికి భయపడాల్సిన పనేం లేదు.

గేర్ ఆయిలే అని తేలినాక అది యాడ నుంచి వస్తాందో పట్టుకోవాల. కారిన నూనె అన్నిటికన్నా కింద ఉండే చోటికి చేరతాది, అన్నిటికన్నా కింద ఉండేది ప్యానే, అందుకే చూసినోళ్లంతా ప్యాన్ మీదే నింద వేస్తారు. పైగా బండి పోతాంటే గాలికి వెనక్కి పాకి ఇంకా కలగాపులగం చేస్తాది. చేయాల్సింది ఒకటే, గేర్‌బాక్స్ కింద, పక్కలు, పైన చెయ్యి పోయినంత మేర కిరోసిన్‌తో కడిగి, ఆరినాక బ్రేక్ క్లీనర్ కొట్టి పొడిగా తుడువు. ఇదంతా బండి చల్లగా ఉన్నప్పుడే చెయ్యాల, సైలెన్సర్ పైపు వేడి మీద ఉంటే కిరోసిన్ దగ్గరికే పోవద్దు. తర్వాత ముఖానికి పూసుకునే టాల్కం పౌడర్ ప్యాన్ చుట్టూ, ప్యాన్ పైన కేసింగ్ (గేర్‌బాక్స్ అల్యూమినియం గుల్ల) మీద చల్లు. ఒక ఇరవై కిలోమీటర్లు తిప్పుకొచ్చి ఇంట్లో పెట్టి, రాత్రంతా వదిలేసి పొద్దున టార్చి వేసి చూడు. పౌడర్‌లో తడి గీత మొదలైన చోటే లీకు. ప్యాన్ అంచు దగ్గరే మొదలైతే నీది ప్యాన్ పని. ఇంకా పైనుంచి గీత దిగిందంటే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) గొట్టం కింద ఉండే ఓరింగ్ (గుండ్రటి రబ్బరు రింగు), గేర్ లివర్ కేబుల్ తగులుకునే షాఫ్ట్ సీల్, వైరింగ్ సాకెట్ ఓరింగ్, కూలర్ పైపుల క్లిప్పులు, యాక్సిల్ సీళ్లు, ఇవన్నీ వరసగా అనుమానించు. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే బెల్ హౌసింగ్ కింద నుంచి చుక్కలు పడుతుంటే అది టార్క్ కన్వర్టర్ (ఇంజన్ తిప్పుడును ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే డొల్ల) సీలు, దానికి గేర్‌బాక్స్ దించాల, ఆ పని ప్యాన్ పనితో కలిపి ఆలోచించొద్దు. డ్రెయిన్ బోల్ట్ వాషర్ కూడా మర్చిపోకు, పోయినసారి పాత వాషరే మళ్లీ వేసుంటే అదే కారతా ఉండొచ్చు.

పగలంతా ఏం లేదు, రాత్రి పెడితేనే కారుతాది అన్నావు కదా, దానికి కారణం ఉండాది. ఇంజన్ ఆడుతున్నప్పుడు ఆయిల్లో చాలా భాగం కన్వర్టర్లో, పైపుల్లో తిరుగుతా ఉంటాది, ప్యాన్‌లో మట్టం తగ్గుంటాది. ఆపినాక కన్వర్టర్లోది మెల్లగా జారి ప్యాన్‌లోకి దిగతాది, మట్టం గ్యాస్కెట్ అంచు దాటి పైకి లేస్తాది, సన్న సందు ఉన్నా అప్పుడు ఊరుతాది. టొయోటాలో లెవెల్ ఇంజన్ ఆడుతుండగానే చూడమనేది కూడా ఇందుకే.

ఇప్పుడు బిగించే సంగతి, అసలు విషయం ఇదే కాబట్టి వివరంగా చెప్తా. ఆ ప్యాన్ రేకుతో నొక్కి తీసిన తట్ట, దానికి పట్టేవి 10 నంబర్ స్పానర్ పట్టే సన్న ఎం6 బోల్టులు. వీటికి కంపెనీలు చెప్పే బిగువు బాక్సును బట్టి సుమారు 5 నుంచి 8 న్యూటన్ మీటర్లు, అంటే మన షెడ్డు లెక్కలో మీటరు హ్యాండిల్ చివర అర కేజీ నుంచి ముప్పావు కేజీ పైన బరువు. అదే కరోలా వీల్ నట్టుకు 103 న్యూటన్ మీటర్లు. తేడా చూసినావా, కానీ చెయ్యి మాత్రం రెండిటికీ ఒకటే, అరగజం హ్యాండిల్ పట్టి కిర్రుమనేదాకా లాగుతారు. అప్పుడు బోల్టు చుట్టూ ఉన్న రేకు కేసింగ్ వైపు పైకి ఉబ్బుతాది, ఆ ఉబ్బు దగ్గర గ్యాస్కెట్ నలిగి పిండై పక్కకు జరిగిపోతాది, రెండు బోల్టుల మధ్యలో మాత్రం రేకు కిందికి వంగి సందు పడుతుంది. నూనె వచ్చేది ఆ మధ్యలో నుంచే. కారుతాందని మళ్లీ బిగిస్తే సందు ఇంకా పెద్దదైతాది. ఇంకొంచెం లాగితే అల్యూమినియం కేసింగ్‌లో థ్రెడ్డే ఊడొస్తాది, రూపాయి పని వేలల్లోకి పోతాది. నీ ప్యాన్ పోయినేడాది బిగించినోళ్లు టార్క్ రెంచ్ (బిగువు కొలిచి బిగించే రెంచ్) వాడుంటారని నేను అనుకోను.

సిలికాన్ మాట. కొన్ని బండ్లకు కంపెనీ నుంచే ప్యాన్‌కు గ్యాస్కెట్ ఉండదు, సన్న గీత మాదిరి సీలెంట్ పెట్టే కూర్చోబెడతారు, వాటికి అదే కరెక్టు. గ్యాస్కెట్ ఉన్న బాక్సుకు మాత్రం గ్యాస్కెట్ మీద సిలికాన్ గానీ షెలాక్ (గ్యాస్కెట్లకు పూసే జిగురు) గానీ పూయొద్దు. కార్క్ అయినా రబ్బరైనా పొడి లోహం మీద పొడిగా కూర్చుంటేనే పట్టు, సిలికాన్ పూస్తే వేసలైన్ మాదిరి జారి బిగించేటప్పుడే బయటికి తన్నుకొస్తాది. లోపలికి పొంగినది ఎండి ముక్కలై ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది, వాల్వ్ బాడీలో (ఆయిల్‌ను దారి మళ్లించి గేర్లు మార్చే భాగం) సన్న దారుల్లో ఇరుక్కుంటే గేర్లు పడటమే మారిపోతాది. పై నుంచి, ప్యాన్ విప్పకుండా బయట మెత్తే పని ఐతే ఇంగ చెప్పనే అక్కర్లేదు, రెండు నాళ్ల ముచ్చట. లీక్ ఆపే మందు అని సీసాల్లో అమ్మేది కూడా అంతే, అది రబ్బరును ఉబ్బిస్తాది, వంగిన రేకును సాపు చెయ్యలేదు.

సామాన్లు ముందే చేతిలో పెట్టుకో, బండి విప్పి ఎత్తిపెట్టినాక పార్సిల్ కోసం చూడటం అంత దరిద్రం ఇంకోటి లేదు. గ్యాస్కెట్, ఫిల్టర్, ఫిల్టర్ ఓరింగ్, డ్రెయిన్ వాషర్, ఆయిలు. లోకల్‌గా దొరక్కపోతే బెంగళూరు జేసీ రోడ్డులో ఛాసిస్ నంబర్ చెప్పి తెప్పించు, ట్రావెల్స్ పార్సిల్లో వచ్చేస్తాది. షీటు తెచ్చి ప్యాన్ మీద పెట్టి సుత్తితో తట్టి కోసే గ్యాస్కెట్ మాత్రం ఈడ వద్దు, పాత అంబాసిడర్‌కు నడిచింది, దీనికి మందం సరిపోదు. ఆయిల్ ఏదనేది నీ డిప్‌స్టిక్ మీదే రాసుంటాది, డెక్స్రాన్ 3 అనో టైప్ టీ-4 అనో, అదే తీసుకో. అన్నీ ఎర్రగానే ఉంటాయని ఏదో ఒకటి పోస్తే గేర్ పడేటప్పుడు కుదుపు మొదలైతాది. సీవీటీ (గేర్లకు బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) ఆయిల్ వేరే, మాన్యువల్ గేర్ ఆయిల్ అసలు వద్దు. అన్నట్టు ఇది చదివే హోండా వాళ్లకు ఒక మాట, మామూలుగా హోండా ఆటోమేటిక్‌లకు కింద విప్పే ప్యాన్ ఉండదు, కాబట్టి ఎవరైనా మీ హోండాకు ప్యాన్ గ్యాస్కెట్ పోయిందంటే ముందు చూపించమని అడగండి.

వాటర్ సర్వీసింగ్ సెంటర్లో ర్యాంప్ పని అయ్యేదాకా ఇప్పించుకుంటే మేలు. ఇంటి దగ్గరే చేస్తానంటావా, బండి ముందు భాగానికి రెండు పక్కలా జాక్ స్టాండ్లు పెట్టు, ఇటుకలు, రాళ్లు పెట్టి దూరొద్దు. నాపరాయి బండ మీద స్టాండ్ కాలు నేరుగా పెడితే బండ టప్పున పగులుతాది, కింద మందపాటి చెక్క వేసి దాని మీద పెట్టు. వెనక చక్రాలకు అడ్డు, హ్యాండ్ బ్రేక్, రెండూ ఉండాల. బండి గోరువెచ్చగా ఉండాల గానీ ఘాట్ దిగొచ్చిన వెంటనే వద్దు, ఆ ఆయిల్ చేతి మీద పడితే బొబ్బలే.

డ్రెయిన్ బోల్ట్ తీసి ఆయిల్‌ను లీటర్ గీతలుండే డబ్బాలోకి పట్టు, ఎంత వచ్చిందో రాసిపెట్టుకో. ప్యాన్ దించితే మామూలుగా మూడు నాలుగు లీటర్లు వస్తాది, మిగతాది కన్వర్టర్లోనే ఉండిపోతాది. తర్వాత బోల్టులన్నీ కొంచెం కొంచెం వదులు చేసి, ఒక మూల రెండు బోల్టులు మాత్రం నాలుగు చుట్లు పట్టి ఉంచి మిగతావి తీసెయ్. అప్పుడు ప్యాన్ ఒక పక్కకు వాలుతాది, అడుగున మిగిలింది వెడల్పు తట్టలోకి వంపుకో. అతుక్కుని రాకపోతే స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పొద్దు, కేసింగ్ మొహం గీసుకుపోతే అది జన్మలో ఆగదు, ప్యాన్ పక్కన రబ్బరు సుత్తితో మెల్లగా తట్టు.

ప్యాన్ చేతికొచ్చినాక కడిగే ముందే లోపల చూడు. అడుగున అయస్కాంతాలు ఉంటాయి, వాటి మీద బూడిద రంగు మెత్తటి పేస్టు ఉంటే అది మామూలు అరుగుదలే. చేతికి గుచ్చుకునే ఇనుప పెంకులు, ఇత్తడి రంగు మెరుపులు కనిపిస్తే బాక్సు లోపల ఏదో తింటాంది, అప్పుడు గ్యాస్కెట్ సంగతి తర్వాత. ఆయిల్ నల్లగా మాడు వాసన వస్తా, డీలో వేసినాక బండి కదలడానికి ఆలస్యం అవుతుంటే క్లచ్ ప్లేట్లు కాలుతున్నట్టు, కొత్త ఆయిల్ పోస్తే బాగైపోతాదని ఆశ పెట్టుకోవద్దు. అయస్కాంతాలు యాడ ఉన్నాయో ఫోన్లో ఫొటో తీసుకుని తుడిచి మళ్లీ ఆ గుంటల్లోనే పెట్టు.

ఇంగ అంచు సాపు చేసే పని. పాత గ్యాస్కెట్ ముక్కలు ప్లాస్టిక్ గరిటెతో గీకి, ప్యాన్ కడిగి ఆరబెట్టి, ఒక స్టీల్ స్కేలు అంచు మీద నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడు. వంకర ప్యాన్ అయితే బోల్టు రంధ్రాల దగ్గర స్కేలు తగులుతాది, మధ్యలో కింద నుంచి వెలుగు కారుతాది. నీ దాంట్లో అది కనిపిస్తాదనే నేను పందెం కడతా. ఇప్పుడు గట్టి చెక్క దిమ్మె ఒకటి తీసుకుని, దాని అంచు మీద ప్యాన్ అంచు ఆనేట్టు పెట్టు, గ్యాస్కెట్ కూర్చునే మొహం పైకి ఉండాల. ఉబ్బిన రంధ్రం చుట్టూ చిన్న గుండు సుత్తితో మెల్లగా తట్టు, కొట్టడం కాదు తట్టడం, టక్ టక్ అని. రెండు తట్లు, స్కేలు పెట్టి చూడు, మళ్లీ రెండు తట్లు. ఎక్కువ కొడితే అవతలికి గుంట పడుతుంది, అదీ లీకే. కొన్ని ప్యాన్లకు అంచు మీద గట్టిదనం కోసం గాడి నొక్కుంటారు, దాన్ని అణగ్గొట్టొద్దు, రంధ్రాల చుట్టూ మాత్రమే పని. చుట్టూ తిరిగి రావడానికి అరగంట పైనే పట్టొచ్చు, షెడ్డుల్లో చెయ్యనిది ఈ అరగంట పనే, ఓపిక ఉండదు, బిల్లులో రాయడానికి దీనికి పేరు కూడా లేదు. అంచు తుప్పుపట్టి గుంటలు పడుంటే, మూలలు నలిగి చీలిక వచ్చుంటే సాపు చెయ్యడం దండగ, వేరే ప్యాన్ చూసుకో.

పైన కేసింగ్ మొహం కూడా అంతే శుభ్రంగా కావాల, కానీ ఎమరీ పేపరు, వైర్ బ్రష్ పెట్టొద్దు, ఆ పొడి లోపలికి పోతాది. తుడవడానికి షెడ్డుల్లో వాడే కాటన్ వేస్ట్ అస్సలు వద్దు, ఆ దారపు పోగు ఒక్కటి వాల్వ్ బాడీలో చేరితే చాలు, నూలు రాలని బట్ట వాడు. ఫిల్టర్ మార్చేటప్పుడు పాత ఓరింగ్ పైన రంధ్రంలోనే అతుక్కుని ఉండిపోతాది ఒక్కోసారి, అది తియ్యకుండా కొత్తది ఎక్కిస్తే పంపు గాలి పీలుస్తాది, బండి గుయ్యిమని అరుస్తాది. ఫిల్టర్ బోల్టులు పొడవు తేడా ఉంటాయి, తీసిన వరసలోనే అట్టముక్కకు గుచ్చిపెట్టుకో. ప్యాన్ బోల్టు రంధ్రాల్లో నూనె నిలిచుంటే గాలి కొట్టి బయటికి ఊదెయ్, అడుగు మూసుకున్న రంధ్రంలో నూనె ఉంటే బోల్టు నిండా దిగక ముందే బిగిసినట్టు అనిపిస్తాది, కేసింగ్ చిట్లే ప్రమాదం కూడా ఉండాది. ప్రతి బోల్టూ చేత్తో తిరిగి లోపలికి పోవాల, యాడన్నా పట్టేస్తే ఆపి థ్రెడ్ చూసుకో. ఊడిపోయిన థ్రెడ్ ఒకటి రెండు దొరికితే హెలీకాయిల్ (కొత్త థ్రెడ్ ఇచ్చే తీగ చుట్ట) వేయించు, పెద్ద బోల్టు దూర్చి లాక్కురావొద్దు.

గ్యాస్కెట్ కింద పడకుండా నిలవాలంటే కుట్టు దారంతో నాలుగు రంధ్రాల దగ్గర ప్యాన్‌కు కట్టు, ప్యాన్ ఎత్తి నాలుగైదు బోల్టులు పట్టించినాక దారం కోసి లాగెయ్. రబ్బరు గ్యాస్కెట్లలో కొన్నిటికి బోల్టు రంధ్రాల్లో ఇనుప గొట్టాలు ఉంటాయి, అవి ఉంటే నీ అదృష్టం, బిగువు కొంచెం ఎక్కువైనా గ్యాస్కెట్ నలగదు, అట్లని చెప్పిన బిగువు దాటొద్దు. అన్ని బోల్టులూ వేళ్లతోనే చివరిదాకా ఎక్కించు, ఆ తర్వాతే రెంచ్ ముట్టుకో. మధ్యలో ఉన్నవాటితో మొదలుపెట్టి ఎదురెదురుగా మూలల వైపు పోవాల, మొదటి చుట్టు సగం బిగువు, రెండో చుట్టు పూర్తి బిగువు. చిన్న టార్క్ రెంచ్ అద్దెకైనా తెచ్చుకో. అదీ దొరక్కపోతే పావు అంగుళం సాకెట్‌కు చిన్న హ్యాండిల్ వేసి, దాని మెడ దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని తిప్పు, గ్యాస్కెట్ అంచు కొద్దిగా నొక్కుకున్నట్టు కనిపిస్తే ఆపెయ్, పిండైనట్టు బయటికి వస్తే ఎక్కువైనట్టు.

బయటికి వచ్చింది ఎంతో అంతకు అర లీటరు తక్కువగా డిప్‌స్టిక్ గొట్టంలోంచి సన్న గరాటుతో పొయ్యి. కారిపోయింది కూడా ఉంటాది కాబట్టి చివరికి ఇంకొంచెం పట్టొచ్చు, అది కొలిచి పోసేదే, గుడ్డిగా కాదు. ఇంజన్ స్టార్ట్ చేసి బ్రేక్ తొక్కి పట్టి పీ, ఆర్, ఎన్, డీ, కిందివి, ఒక్కోదాంట్లో కొన్ని సెకన్లు ఉంచి మళ్లీ పీ లోకి తీసుకురా. ఒక పదిహేను ఇరవై కిలోమీటర్లు తిప్పి, సమంగా ఉన్న నేల మీద ఇంజన్ ఆడుతుండగా పీ లోనే డిప్‌స్టిక్ తీసి హాట్ గీతల మధ్య చూడు. తక్కువైతే వంద వంద మిల్లీలీటర్లుగా పెంచు. ఎక్కువ పోస్తే లోపల నురగ కట్టి గాలి గొట్టంలోంచి బయటికి కక్కుతాది, నువ్వేమో గ్యాస్కెట్ మళ్లీ పోయిందనుకుంటావు. ఈ చూసే పద్ధతి టొయోటాకు చెప్పినా, హ్యుందాయ్, మిత్సుబిషి పాత ఆటోమేటిక్‌లకు ఎన్ లో చూడమంటారు, హోండాకు ఇంజన్ ఆపేసి చూడమంటారు, మీ బండి పుస్తకం చూసుకోండి.

కార్క్ గ్యాస్కెట్ అయితే రెండు మూడు సార్లు బాగా వేడెక్కి చల్లారినాక కొంచెం కుదురుకుంటాది, అప్పుడు చల్లగా ఉన్నప్పుడు అదే బిగువు పెట్టి ఒక్కసారి చుట్టూ చూడు, అంతే, దాని తర్వాత ముట్టొద్దు. మొదటి వారం ఘాట్ పోకు, ఎండాకాలం 42, 43 డిగ్రీల్లో ఆ ఎక్కుడుకు ఆయిల్ బాగా వేడెక్కుతాది, యాడన్నా తేడా ఉంటే ఊళ్లోనే బయటపడాల. అప్పటిదాకా పౌడర్ మళ్లీ చల్లి పెట్టుకో. పాత ఆయిల్ కేసీ కెనాల్లోనో మురిక్కాలవలోనో పారబోయొద్దు, డబ్బాలో పట్టి సెంట్రింగ్ వాళ్లకిస్తే రేకులకు పూసుకుంటారు, అడిగి మరీ తీసుకుపోతారు.

పౌడర్ టెస్టులో గీత షాఫ్ట్ సీల్ దగ్గర నుంచి దిగిందంటే మాత్రం ప్యాన్ విప్పొద్దు, ఫొటో తీసి ఈడే పెట్టు, దానికి లివర్ తీసి సీలు మార్చే పద్ధతి వేరే ఉండాది, అది చెప్తా.